రొట్టెల లెక్క

ఎగువ ఈజిప్టు, చెరకు తోటల నడుమ ఒక ఆడపిల్లల బడి. ఆదివారం మధ్యాహ్నం, శుక్ర శనివారాల సెలవు తర్వాత మొదటి పనిరోజు. హెడ్మిస్ట్రెస్ ఫౌకియ్యా తన గది తలుపు గడియ వేసింది. ఎదురుగా నిలబడ్డ లెక్కల టీచరు ఇనాస్‌కి అలెగ్జాండ్రియా నుంచి వచ్చి మూడు వారాలే అయింది, ఎందుకు పిలిచారో ఇంకా తెలియదు. ఇక్కడ టీచరమ్మని ‘అబ్లా’ అంటారు, హెడ్మిస్ట్రెస్‌ని ‘పెద్దబ్లా’.

"నేనడిగింది నీ ప్లాన్ పుస్తకం ఒక్కటే కాదు ఇనాస్. ఆ గోడమీది చార్టు ఏది?"

"గోడమీదే ఉంది పెద్దబ్లా. మొన్న మీరే చూసి బాగుందన్నారు. ఈ పుస్తకంలో సంతకం కూడా పెట్టారు."

"పెట్టాను. కళ్ళు మూసుకుని పెట్టాను. చదువు, ఏం రాశావో."

"ఇప్పుడా?"

"చదవమంటున్నా."

"‘రెండో ఏడాది, గణాంకాలు, మొదటి పాఠం. పిల్లలు తమ ఇంటి నుంచే అంకెలు తేవాలి. ఇంట్లో ఎంతమంది, ఎవరి వయసెంత, రోజుకెన్ని రొట్టెలు తింటారు. సగటు కట్టాలి.’"

"క్లాసు నియమాలు కూడా చదువు."

"అవెందుకు..."

"చదువు."

"‘ఒకటి, ఈ క్లాసులో ఎవరినీ కొట్టరు. రెండు, అబద్ధపు అంకె రాయకూడదు. మూడు, అందరి లెక్కా గోడమీద ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు.’ ఇందులో తప్పేముంది పెద్దబ్లా?"

"గురువారం తెల్లారగట్ల తూటాలు వినబడ్డాయా నీకు?"

"పెళ్ళి ఊరేగింపులో పేలుస్తున్నారనుకున్నా. తర్వాత ఎవరో కుర్రాడు పోయాడన్నారు."

"ఎవరో కాదు. మన సమాహ్ అన్న, మిహ్రాన్ వాళ్ళ రిఫ్‌అత్."

"సమాహ్ అన్నా? అయ్యో. అందుకేనా ఇవాళ క్లాసుకి రాలేదు."

"వచ్చింది. నేనే పక్కన సామాన్ల గదిలో కూర్చోబెట్టా."

"ఎందుకు?"

"చెప్తా. నాలుగేళ్ళ కిందట ఆ పిల్ల తండ్రిని గాబిర్ వాళ్ళు కాల్చేశారు. రిఫ్‌అత్ వెళ్ళి గాబిర్ వాళ్ళ పెద్దకొడుకుని కాల్చి పారిపోయాడు. లిబియాలో ఉన్నాడని ఊరంతా నమ్మింది. వాళ్ళూ నమ్మారు. మొన్న తల్లికి బాలేదని రహస్యంగా వచ్చాడు. రొట్టెల పొయ్యి గదిలో పడుకున్నాడు. పక్కింటివాళ్ళకి కూడా తెలీదు."

"మరి వాళ్ళకెలా..."

"నువ్వే చెప్పు. గాబిర్ వాళ్ళ ఇబ్తిసామ్ ఏ బెంచీలో కూర్చుంటుంది?"

"సమాహ్ పక్కన. ఎప్పట్నించో పక్కపక్కనే కూర్చుంటున్నారట. పగలూ ప్రతీకారాలూ మగవాళ్ళవి, ఆడపిల్లలకి వాటితో పనిలేదని మీరేగా చెప్పారు."

"చెప్పాను. ముప్పై ఏళ్ళుగా చెప్తున్నా. ఈ బడిలో ఎవరూ ఇంటి సంగతి నోరెత్తరు కాబట్టి చెప్పగలిగాను. సమాహ్ లెక్కలో ఏముంది?"

"ఏడుగురు మనుషులు. రోజుకి ఇరవై ఎనిమిది రొట్టెలు."

"వారమంతానా?"

"కాదు. పోయిన ఆదివారం నుంచి ముప్పై రెండు."

"అప్పుడు నువ్వేం చేశావు?"

"ఏం చెయ్యలేదు. అడిగానంతే."

"ఏమని?"

"నాలుగు రొట్టెలు ఎక్కువయ్యాయి, ఎవరైనా చుట్టాలొచ్చారా తల్లీ అని. మెల్లగానే అడిగాను."

"అందరి ముందూ."

"అందరి ముందే. లెక్క సరిపోవాలి కదా. తలొంచుకుంది. రెండో నియమం చూడమ్మా, అంకెలకి సిగ్గెందుకు అన్నా. ఎనిమిదో మనిషికి గడి గీసి, వయసు ‘ఇరవై నాలుగు’ అని రాసింది. పిల్లలందరిచేతా చప్పట్లు కొట్టించాను. పెద్దబ్లా, నాకు తెలీదు. దేవుడి తోడు, నాకేం తెలీదు."

"చప్పట్లు కొట్టినవాళ్ళలో ఇబ్తిసామ్ కూడా ఉంది. బుధవారం చార్టు గోడకెక్కింది, గురువారం తెల్లారేసరికి వాడు పోయాడు. పొయ్యి గదిలోంచి కాళ్ళు పట్టి ఈడ్చుకొచ్చారు. తల్లి అడ్డం పడితే తుపాకి మడమతో ఆవిడ దవడ విరగ్గొట్టారు. పదకొండు తూటాలు. తెల్లవారుజామున కలిపిన పిండి పక్కనే ఉంది, నెత్తురంతా దానిమీదే. పోతూ పోతూ ఏమని అరిచారో తెలుసా?"

"వద్దు."

"‘మీ పిల్ల రొట్టెల లెక్క చూసుకుని వచ్చాం’ అని."

"నన్ను కూర్చోనివ్వండి."

"కూర్చో. నీళ్ళు తాగు. ఇంకా చెప్పాల్సింది ఉంది."

"ఇంకానా?"

"వాళ్ళింటి ముందు గుడారం వెయ్యలేదు, పరామర్శకి ఎవర్నీ రానివ్వట్లేదు. గాబిర్ వాళ్ళలో ఒకడు పడేదాకా వెయ్యరు. అదలా ఉంచు. పొద్దున సమాహ్ పెదనాన్న ఖలఫ్ వచ్చాడు. ఇదిగో, ఈ కుర్చీలోనే. తుపాకి ఒళ్ళో పెట్టుకుని టీ తాగాడు."

"నాకోసమా?"

"నీకోసం కాదు. పగతో సంబంధం లేని పరాయి ఆడవాళ్ళని ముట్టుకోరు వీళ్ళు. ఒకటే అడిగాడు. పిల్లని కొట్టి చెప్పించారా, తనంతట తనే చెప్పిందా అని. కొట్టి చెప్పిస్తే పాపం బడిదట, పిల్లకేం సంబంధం లేదట. తనంతట తనే చెప్పి ఉంటే..."

"ఉంటే?"

"‘అది మా ఇంటి సంగతి’ అన్నాడు."

"అంటే ఏంటి? పదమూడేళ్ళ పిల్ల. ఏం చేస్తారు? మాట్లాడరేం?"

"కాలవ ఎంత దూరం మనకి? పోయినేడు కాలవలో తేలిన పిల్లది ఇంకో ఇంటి సంగతి. ఏ పోలీసూ ఆ ఇంటి తలుపు తట్టలేదు."

"నేనెళ్ళి చెప్తాను. నేనే అడిగానని, తప్పంతా నాదేనని, కాళ్ళమీద పడతాను."

"అడిగితే చెప్పేస్తుందా మిహ్రాన్ ఇంటి ఆడపిల్ల? అదే అంటాడు. గోడమీద నువ్వు పెద్దక్షరాలతో రాయనే రాశావు, ఈ క్లాసులో ఎవరినీ కొట్టరని. ఈ జిల్లాలో ఏ గోడమీదా లేదది."

"మీరేం చెప్పారు ఆయనకి?"

"కొట్టారని చెప్పాను."

"పెద్దబ్లా!"

"చెప్పాను. కొత్త టీచరు మహా రాక్షసి, పది దెబ్బలు పడితేగానీ నోరు విప్పలేదు పిల్ల అన్నాను. చేతులు చూస్తానన్నాడు. సాయంత్రం నమాజు అయ్యాక వస్తాడు. వాళ్ళ మగవాళ్ళని కూడా తెస్తాడు."

"కానీ దాని చేతులమీద..."

"ఏం లేవు. చూశాను. పువ్వుల్లా ఉన్నాయి."

"మరి సాయంత్రం ఏం చూపిస్తాం?"

"ఆ బీరువా వెనక బెత్తం ఉంది. తియ్యి."

"నేనా?"

"నా చెయ్యి ఎముక విరిగి అతికింది, ఎత్తలేను. అయినా పిల్లని నిలదీస్తే ‘ఎవరు కొట్టారు’ అంటాడు, అది నీ పేరు చెప్పాలి. నిజంగా కొట్టినదాని పేరైతే పిల్ల గొంతు తడబడదు."

"నేను ఇంతవరకు ఎవర్నీ... మా నాన్న నన్ను కొట్టేవాడు. అందుకే ఆ మొదటి నియమం రాసుకున్నాను. మీకు తెలీదు."

"తెలీదు. ఇప్పుడు తెలిసినా చేసేదేం లేదు."

"బుధవారం దెబ్బలు ఇవాళ ఎర్రగా ఉంటాయా? కనిపెట్టడా?"

"వాడేం డాక్టరా? వాడికీ ఏదో ఒకటి కనబడాలి, మిగతావాళ్ళకి చూపించడానికి. పొద్దున కొట్టారనే మాట నాచేత రెండుసార్లు చెప్పించుకుని, అప్పుడుగానీ టీ ముట్టలేదు. తోలు చిట్లకుండా కొట్టు. సాయంత్రానికి కమిలి నల్లబడతాయి."

"తర్వాత?"

"తర్వాత పైవాళ్ళకి నేనే రాస్తాను, పిల్లని కొట్టిందని. నీ ఉద్యోగం పోతుంది. నాలుగింటి బస్సెక్కి సోహాగ్ వెళ్ళు, అక్కణ్ణించి రైలు. ఈ ఊళ్ళో నీ పేరు చెడిపోతే ఆ పిల్ల బతుకుతుంది."

"సమాహ్‌కి తెలుసా ఇదంతా?"

"తననే అడుగు. సమాహ్, ఇలా రామ్మా. ఆ మధ్య తలుపు వేసెయ్."

"సలాం అబ్లా."

"సమాహ్, తల్లీ. నీ మొహం చూడలేకపోతున్నాను. ఎందుకు రాశావమ్మా? ఏడుగురనే ఉంచితే పోయేది కదా. రొట్టెలు తప్పు లెక్కపెట్టానంటే నేను నమ్మేదాన్ని కదా."

"నమ్మేవారా అబ్లా?"

"నమ్మేదాన్ని."

"వేరే టీచరైతే అబద్ధం చెప్పేదాన్నే. ఎన్ని దెబ్బలైనా చెప్పేదాన్ని కాదు. అమ్మ నేర్పింది, దెబ్బలు తింటూ ఎలా నోరుమూసుకోవాలో. మీరు కొట్టలేదు. తల్లీ అన్నారు. అది ఎలా ఓర్చుకోవాలో అమ్మ నేర్పలేదు."

"వినలేను పెద్దబ్లా, నావల్ల కాదు."

"వినకు. బెత్తం తియ్యి. టైమవుతోంది."

"ఇబ్తిసామ్ వచ్చిందా అబ్లా?"

"రాలేదమ్మా. ఎందుకు?"

"నా పెన్సిలు దాని దగ్గరుంది."

"సమాహ్, చేతులు ముందుకి పెట్టు. ఇనాస్, ఇటు నిలబడు. కిటికీలోంచి కనబడకూడదు."

"ఏడవకండి అబ్లా. నేను ఏడవట్లేదుగా. కొట్టండి."

"క్షమించు తల్లీ."

"తల్లీ అనకండి. అంటే నేను పెదనాన్న ముందు తడబడతాను."

"ఒకటి. రెండు. ఇనాస్, ఇది దులపడం, కొట్టడం కాదు."

"గట్టిగా అబ్లా. ఇదైతే మా అమ్మ కూడా నమ్మదు."

"మూడు. ఆ, అలా. నాలుగు. అయిదు. ఆరు."

"చాలు పెద్దబ్లా. చూడండి, ఎలా వాచాయో. కమిలిపోయాయి. ఆరు చాలు, ఎవరు లెక్కపెడతారు?"

"ఆపకండి అబ్లా. పెదనాన్నకి పది అని చెప్పారు. పదీ పడాలి. మీ క్లాసులో అబద్ధపు అంకె రాయకూడదుగా."