చేతికి తగలని అతుకు

వెల్డింగు షెడ్డులో, ఇంజనులోంచి విప్పి తెచ్చిన పగిలిన సిలిండరు బ్లాకు నేల మీద పడి ఉంది. పిండిమిల్లు అన్నదమ్ముల్లో పెద్దవాడు గోనె కప్పిన ఇనప దిమ్మ మీద కూలబడ్డాడు. పని అయ్యేదాకా లేచే రకంలా లేడు. చిన్నవాడు లోపలికి రానని గుమ్మంలోనే నిలబడ్డాడు. వాళ్ళ నాన్న కాలం నుంచీ తెలిసిన ముసలి వెల్డరు ఇద్దరి మధ్యా ఇరుక్కుపోయాడు.

"ఎన్నిసార్లు చెప్పించుకుంటావు పెద్దోడా? ఇది అతికేది కాదు."

"నువ్వు సరిగ్గా చూడలేదు బాబాయ్."

"చూశాను. కిరసనాయిలు పూసి, తుడిచి, సున్నం రాసి మరీ చూశాను. పగులు గీత ఎక్కడిదాకా పాకిందో నువ్వూ చూశావు. పైన నీళ్ళు తిరిగే గోడ మటుకే పగిలితే నా తంటాలేవో నేను పడేవాణ్ణి. ఇది లోపల పిస్టను ఆడే గోడలోకి దిగింది. పోత ఇనుము, దానికి సాగడం తెలీదు. అతుకు పెట్టినా పక్కన పగులుతుంది."

"అప్పుడు నిలబడింది కదా?"

"అప్పుడంటే..."

"అన్నయ్యా, మళ్ళీ అప్పటి సంగతి మొదలెట్టకు."

"నువ్వు మధ్యలో రాకురా. బాబాయ్, నువ్వు చెప్పు. ఇదే బ్లాకు, నువ్వే అతికించావు. అప్పుడు నిలిచిందా, లేదా?"

"ముందు నువ్వు ఆ దిమ్మ మీంచి లే. స్టూలు తెస్తా. బట్టలకి మసి అవుతుంది."

"అవనీ. నాన్న ఎప్పుడొచ్చినా దీని మీదే కూర్చునేవాడు. ఆయనకి అవని మసి నాకు అవుతుందా?"

"ఆయన వేరు."

"ఏం వేరు?"

"ఏం లేదులే. టీ తాగుతారా?"

"టీ వద్దు, ఏం వద్దు. ఒరేయ్, ఇలా వచ్చి ఈ బ్లాకు మీద చెయ్యి పెట్టి చూడు. చుట్టూ తడుము. బాబాయ్ అతుకు ఎక్కడైనా తగులుతోందా?"

"తగలడం లేదు."

"చూశావా? అంత నున్నగా చేశాడు. పైగా ఇవాళ పగిలింది ఆ అతుకు దగ్గర కాదు, వేరే చోట. అంటే బాబాయ్ అతుకు అసలు ఇనుము కన్నా గట్టిదన్నమాట."

"అతుకెక్కడుందో తెలీకుండానే అది వేరే చోట పగిలిందని ఎలా చెప్తావు అన్నయ్యా?"

"వితండవాదం చెయ్యకు."

"వాదం కాదు. పక్క వీధిలో ఇదే సైజు బ్లాకు ఉంది. డబ్బు నేను పెట్టుకుంటానన్నాను. మోసుకొస్తానన్నాను. బిగించడానికి మనిషిని మాట్లాడాను. ఇంకేం చెయ్యాలి నేను?"

"నువ్వు చేసింది చాలు. కాగిపోతున్న ఇంజనులో ఎవడైనా చన్నీళ్ళు పోస్తాడా? తొట్టిలో నీళ్ళు అయిపోయాయి, సరే. ఆపాలి. చల్లారేదాకా కూర్చోవాలి. ఆ మాత్రం తెలీదా?"

"తెలుసు. జనం గోలపెడుతుంటే కంగారుపడ్డాను. నాదే తప్పు. పొద్దుట్నుంచీ ఒప్పుకుంటూనే ఉన్నాను కదా. నువ్వేమో గోధుమల సంచీ దించినవాడికల్లా చెప్తున్నావు, మావాడు ఇంజను పగలగొట్టాడు, మావాడు ఇంజను పగలగొట్టాడు అని."

"మర ఎందుకు ఆగిందని అడిగారు, చెప్పాను."

"అడగని వాళ్ళకి కూడా చెప్పావు. మా మామగారికి ఫోన్ చేసి మరీ చెప్పావు."

"పెద్దోడా, పోనీలే. వాడి మొహం చూడు ఎలా అయిపోయిందో."

"నువ్వు వెనకేసుకురాకు బాబాయ్. నాన్న ఎంత అపురూపంగా చూసుకున్న ఇంజను ఇది. ఆయన చేతుల్లో ఇన్నేళ్ళు..."

"ఆయన చేతుల్లోనూ పగిలింది కదా ఒకసారి."

"అప్పుడు అది దానంతట అదే పగిలిందిరా."

"దానంతట అదేనా పెద్దోడా?"

"నువ్వు రాడ్డు వెతుక్కో బాబాయ్. బ్లాకు వేడెక్కించడానికి బొగ్గులు రాజెయ్యి. మాటలతో పొద్దు పోతోంది."

"రాజెయ్యను."

"అన్నయ్యా, ఇవి ఉంచు."

"ఏమిటవి?"

"మిల్లు తాళాలు. అతికించుకో, పగలగొట్టుకో, నీ ఇష్టం. రేపట్నుంచి నేను రాను. ఇంకో పని చూసుకుంటాను. ఈ జన్మలో ఆ ఇంజను జోలికి పోను."

"పౌరుషమా?"

"కాదు. విసుగు. నా మీద నాకే విసుగొచ్చింది, చాలా?"

"ఈ జన్మలో ఇంజను జోలికి పోను. ఇదే మాట ఇదివరకు ఒకసారి మీ ఇంటి గుమ్మంలో విన్నాను నేను."

"బాబాయ్, వద్దు."

"ఎవరన్నారు?"

"నువ్వే చెప్పు పెద్దోడా. నువ్వు చెప్తే బాగుంటుంది."

"ఇప్పుడదెందుకు? వీడిది అప్పటికి నిక్కర్లేసుకునే వయసు. వీడికేం సంబంధం?"

"అన్నయ్యా, ఏం చేశావు?"

"పోశాను."

"ఏం పోశావు?"

"చన్నీళ్ళు. నిండు బిందెడు. టప్పున మోగింది, ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. దానంతట అదే పగిలిందని అందరికీ నాన్నే చెప్పాడు. నన్ను కూడా అలాగే చెప్పమన్నాడు. చాలా? తృప్తిగా ఉందా?"

"మరి పొద్దుట్నుంచీ నన్ను..."

"భయమేసి అరిచాన్రా. నువ్వు పోసింది చూడగానే ఆ రోజు గుర్తొచ్చింది. నేను మొహం చెల్లక ఇంట్లోనే పడి ఉంటే, నాన్న బ్లాకు బండిలో వేసుకుని ఇక్కడికి తెచ్చాడు. రెండు రోజులకి వచ్చి, అతికిందిరా, రా, నువ్వే తిప్పు అని హేండిలు నా చేతికిచ్చాడు. ఒక్క మాట అనలేదు. అందుకే అతికించమంటున్నాను. పారేసి కొత్తది తెచ్చుకోవడం పెద్ద పనా? నాన్న పారెయ్యలేదు. ఆ సంగతి మీ ఇద్దరికీ ఎలా చెప్పాలో తెలీక చస్తున్నాను."

"అతకలేదు పెద్దోడా."

"ఏది?"

"అప్పటిది. కాల్చాను, రాడ్డు నింపాను, నిదానంగా చల్లారాలని బూడిదలో పాతిపెట్టాను. పొద్దున్నే మీ నాన్న ఎదురుగానే బూడిద తీశాను. నా అతుకు పక్కనే ఈ చివర్నుంచి ఆ చివరికి చీలిపోయి ఉంది. ఆయన అప్పటికప్పుడు వెళ్ళి వేరే బ్లాకు కొనుక్కొచ్చాడు. మీరు ఇన్నాళ్ళూ తిప్పింది అది. దానికి అతుకే లేదు, చేతికెలా తగులుతుంది?"

"అబద్ధం."

"నువ్వు కనిపించినవాడికల్లా నా పనితనం గురించి చెప్పి నా దగ్గరికి పంపేవాడివి. నాకు తల కొట్టేసినట్టుండేది. మీ నాన్న నోరు విప్పనివ్వలేదు. అతికిందనే చెప్పు, తన చేత్తో పగలగొట్టింది బాగుపడలేదని తెలిస్తే వాడు మళ్ళీ మిల్లు గడప తొక్కడు అన్నాడు. ఇంజనుదేముంది, ఇంకోటి దొరుకుతుంది అన్నాడు."

"ఆ మాట అన్నాడా?"

"ఇక్కడే కూర్చుని అన్నాడు."

"మరి ఆ పగిలినది ఏం చేశావు బాబాయ్? అమ్మేశావా?"

"అమ్మనివ్వలేదు చిన్నోడా. బోర్లించి, గోనె కప్పి ఉంచమన్నాడు. ఎప్పుడొచ్చినా దాని మీదే కూర్చునేవాడు. మీ అన్నని ఇందాక లేవమన్నది అందుకే."

"అన్నయ్యా, లే. గోనె తీసి చూద్దాం."

"వద్దురా. ఉండనీ."

"లేవవా?"

"కాసేపు కూర్చోనీ. నువ్వు ముందు ఆ తాళాలు జేబులో పెట్టుకో. పక్క వీధిలో ఉందన్నావే, ఆ బ్లాకు తీసుకొచ్చెయ్. బిగించాక హేండిలు నువ్వే తిప్పు."

"మరి నేల మీద ఉన్నదాన్ని ఏం చెయ్యను పెద్దోడా? పాత ఇనుములో వేసెయ్యనా?"

"వద్దు బాబాయ్. బోర్లించి ఇలా నా పక్కకి దొర్లించు. చిన్నోడు పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నాడు."