విప్పి చూడని ముడి

అనకూడదా? మన తోటలో కొత్తగా పనికొచ్చిన ఏసమ్మ చేతికి అంటు కట్టడం రాదన్నానని అంత కోపమేంటే సుప్రియా. నాలుగు రోజుల్నించి చూస్తున్నాను, ఒక్క కొమ్మని రెండుసార్లు కోస్తుంది, అలా కోస్తే అంటు అతకదు. ఎవర్నీ అలా తీసిపారెయ్యకూడదు తాతా అని నువ్వంటుంటే నాకు మా అబ్రహామన్న గుర్తొచ్చేడు. నీకప్పటికి ఊహ తెలీదులే. దొరబాబు గారి నర్సరీలో మా అందరికీ పెద్ద మేస్త్రి. ఆదివారం తెల్లచొక్కా తొడుక్కుని చర్చికెళ్లేవాడు, ఎవరి మీదా చిన్నమాట అనేవాడు కాదు. 'తప్పులెంచడానికి మనమెవరం తమ్ముడూ, పైన ఒకాయన ఉన్నాడు' అనేవాడు. మంచిదే. నేనూ ఏటా కోరుకొండ గుడి మెట్లెక్కేవాణ్ణే. మెట్ల మీద ఎవడైనా రొప్పుతూ కూర్చుంటే, వీడు తాగి వచ్చుంటాడు అనుకునేవాణ్ణి. స్వామి వినకుండా ఉంటాడా, అయినా నన్ను పైదాకా ఎక్కనిచ్చేడు.

నాకు చదువు సంతకం వరకే. కానీ కడియంలో అంటు కట్టినవాడు పేరు రాసుకోనక్కర్లేదు, ముడే పేరు. ప్లాస్టిక్ పట్టీ కిందనించి చుట్టుకొచ్చి, కొస లోపలికి దోపి, ఎడంపక్కకి లాగేవాణ్ణి. ఇది బుజ్జిబాబు ముడి అని లారీ డ్రైవర్లు కూడా చెప్పేవారు. నూటికి తొంభై అయిదు బతికేవి. గొప్పలు కాదు, ఎవర్నైనా అడుగు. ఏం చెబుతున్నాను... ఆ, తొంభై ఆరు తుఫాను వెళ్లిన మరుసటేడు. తునిలో ఒకాయనకి వెయ్యి మామిడంట్లు ఒప్పుకుంటే మూడొందలు మాడిపోయాయి. దొరబాబు గారు వచ్చి, 'ఇవెవరు కట్టినవండీ అబ్రహాము గారూ' అన్నారు. అన్న ఒక మొక్క తీసేడు, ముడి చూసేడు, నావైపు చూసేడు, తల దించేసుకున్నాడు. 'ఒకరి మీద నేను చెప్పలేనండి' అన్నాడు. ఇంకేం చెప్పాలి. 'చెయ్యి ఆడకపోతే ఇంట్లో కూర్చోవచ్చు కదయ్యా బుజ్జిబాబూ' అన్నారు దొరబాబు గారు, నలుగురిలోనూ. సంచుల్లో మట్టి నింపే ఆడవాళ్లు చేతులాపి మరీ విన్నారు. అవి నావి కావు. అయినా నా పనికి నేనే సాక్ష్యం చెప్పుకోవాలా? కత్తి తుడుచుకుని వచ్చేసేను. కాలవ అవతల ఇంకో తోటలో చేరేను.

రెండు నెలలు తిరక్కుండా అన్న మనింటికొచ్చేడు. అక్కడ మళ్లీ అంట్లు పోయాయంట, మళ్లీ నా ముడేనంట. నేను లేని తోటలోకి నా ముడెలా వస్తుంది? అప్పుడు విప్పేడంట పట్టీ. లోపల కొమ్మకి రెండు కోతలు. నేను ఒక్క కోతకి దింపుతానని ఆయనకి తెలుసు. అవి బుల్లియ్యవి, నా దగ్గర ముడి నేర్చుకున్నవాడు. 'నీవే అనుకున్నాను తమ్ముడూ. చెబితే నీ పని పోతుందని నోరు కట్టుకున్నాను' అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేనేమన్నానో తెలుసా? 'అన్నా, తీర్పు లోపల చెప్పేసుకుని బయట తలుపేసేవు. ఆ మాట పైకి అనుంటే అప్పుడే ముడి విప్పి కోత చూపించేవాణ్ణి కదా' అన్నాను. మంచినీళ్లిచ్చేను, టీ ఇవ్వలేదు. దొరబాబు గారు రెండుసార్లు కబురెట్టేరు, ఆ గేటు తొక్కలేదు, ఇప్పటికీ తొక్కలేదు. అన్న పోయేదాకా నాలుగేళ్లు, చర్చి అయ్యాక వచ్చి ఈ బల్ల మీదే కూర్చునేవాడు. మంచినీళ్లే.

బుల్లియ్యా? వాడి తప్పేముందిలే. అంటే, ఉంది. వాడికి నేను ముడి నేర్పేను, కోత నేర్పలేదు. మొదటిరోజే చెయ్యి చూసి, వీడికి కత్తి రాదు, ముడితో సరిపెట్టుకుంటాడులే అనుకున్నాను. కోత వాడే దొంగచాటుగా చూసి నేర్చుకున్నాడు. అన్న అంతసేపు ఏడ్చినా ఆ ముక్క చెప్పలేదు నేను. అడిగితే చెప్పేవాణ్ణే. అడగలేదు...

ఎండెక్కుతుంది. ఏసమ్మని ఇలా రమ్మను. కత్తి తెచ్చుకోమను. నాది కాదే, దాని కత్తే.