రాజం నూకిన రాడార్ బండి

బొగ్గుగనుల ఊరు దుర్గాపూర్‌లో తిరుపతమ్మ చాయ్ హోటల్ ముందు రాజం నోరు తెరిచాడంటే అందరి చాయ్ చల్లారాల్సిందే. ఆ పొద్దు మరీ రెచ్చిపోయాడు. ఎందుకంటే ఎదురుగా కూర్చున్నది సర్వే సూపర్‌వైజర్ సతీష్. కాలనీ రోడ్డు కింద పాత గని తాలూకు బోలు ఏమైనా ఉందేమో చూడటానికి రేపు నేల లోపలిది తెర మీద చూపే రాడార్ బండి వస్తోంది. దాన్ని తోయడానికి ఒక్క మనిషి కావాలి. ఆ పని తనకే దక్కాలని రాజం ప్రాణం కొట్టుకుంటోంది.

"బొంబైల మూడు నెల్లు నూకిన సాబ్, సముద్రం ఒడ్డు ఫుట్‌పాత్ మీద. అలలు కిందికెళ్లి మట్టిని గుంజుకపోతయి గదా, పైన బండలు మంచిగనే కనిపిస్తయి, లోపలంత బోలే. నేను బండి గిట్ల నూకిన్నో లేదో, చాటంత బోలు దొరికింది!"

"చాటంతేనా?" అన్నాడు ముసలి ఎర్రయ్య.

రాజానికి చిన్నతనమనిపించింది. "అది మొదటి దినం తాతా! రెండో దినం దొరికిన దాంట్ల రైలుబండి మొత్తం పడ్తది. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? అండ్లకు సముద్రం జొచ్చింది. పైన బస్సులు, బారాత్, బ్యాండు మేళం. కింద నేనొక్కన్నే. గనిల కప్పుకు దుంగ పెట్టినట్టు నా భుజం పెట్టిన."

"ఎంతసేపు?" అంది తిరుపతమ్మ.

"రెండు షిఫ్టులు! చేపలే వచ్చి నా చెమట తుడిచినయక్కా. ఇగ మూడో నెల తెర మీద ఏం కనిపించిందనుకున్నరు? మన దుర్గాపూర్ గని! అండ్ల ఎర్రయ్య తాత బొగ్గు టబ్బు పక్కన గుర్రు పెడుతుండు."

"నేను రిటైరై ఆరేండ్లాయె గదరా!"

"పాత నిద్ర తాతా. రాడార్‌కు పాతదే మంచిగ కనిపిస్తది."

సతీష్ నవ్వాడు. ఇక పని దొరికినట్టేనని రాజం సంబరపడ్డాడు.

"మంచిది రాజం," అన్నాడు సతీష్. "అక్కడ సాబ్‌లంత మరాఠోళ్లే కదా. మరి పోకళీ కనిపిస్తే ఏం చేసేటోళ్లు?"

రాజం క్షణం కూడా తడుముకోలేదు. "పోకలా? డబ్బ నిండ ఉంటుండె సాబ్! అడకత్తెరతోని కత్తిరించి అందరికి నేనే పంచుతుంటి."

మరాఠీ బడిలో చదివిన తిరుపతమ్మకు నవ్వు ఆగలేదు, చేతిలో చాయ్ ఒలికిపోయింది.

"వక్కలు కాదు రాజం," అన్నాడు సతీష్. "మరాఠీల పోకళీ అంటే బోలు. మూడు నెల్లు ఆ బండి దేవులాడింది దాన్నే."

రాజం బెంచీ మీద ముందుకు జరిగాడు. "అయితే... రేపు నన్ను రావద్దంటరా సాబ్?"

"ఎందుకు రావద్దు? జరూర్ రా. ముందుగాల బండిని నీ మీదికెళ్లి నూకి చూస్తం. మిషన్ బోలును పట్టుకుంటదో లేదో తెలుస్తది."