మొలకెత్తిన జీను

"నవ్వకండి. ఆ జీను నేనే కుట్టాను. లేడితోలు రెండు పొరలు, మధ్యలో ఎండుగడ్డి, ఎముక సూదితో నరం దారం పెట్టి కుట్టానా, కుట్టి, ఆడగుర్రం మీద వేసి, ఒక్కణ్ణే పడమటి కొండలవాళ్ళ గుర్రాల మంద చూసొద్దామని పోయాను. అంతే. అందులో గొప్పేముంది?"

ఎకమూర అంతటితో ఆగే మనిషి కాదని కొమ్మల పందిరి కింద కూర్చున్న వాళ్ళందరికీ తెలుసు. ముసలి వసాపె పొగాకు గొట్టం పక్కన పెట్టాడు. ఎకమూర బామ్మర్ది ఇసానాకి, వాడి స్నేహితులు ముగ్గురూ ముందుకు జరిగారు. పక్కనే ఇసానాకి అక్క, ఎకమూరకి వదిన అయిన హూట్సు దున్న వెంట్రుకలు పేనుతూ తాడు అల్లుతోంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాన. మూడు రోజులు! నాలుగో రోజు కూర్చున్నచోట ఏదో గుచ్చుకుంటోంది. దిగి చూద్దును కదా, కుట్టు సందుల్లోంచి పచ్చటి మొలకలు!"

"జీనుకా?" అన్నాడు ఇసానాకి.

"జీనుకే, బామ్మర్దీ! పొద్దుగూకేసరికి మోకాలెత్తు, తెల్లారేసరికి నా గడ్డం దాకా. గుర్రమేమో తన వీపు తనే మేద్దామని మెడ తిప్పుతుంది, గిరగిరా తిరుగుతుంది. కళ్ళెంగా దవడకి కట్టిన తాడు బిగబట్టి, ఎలాగో కొండ దాటించాను. అక్కడ వాళ్ళ మంద. పచ్చిగడ్డి వాసన తగిలిందో లేదో, ముప్ఫై గుర్రాలు నా వెనకాలే!"

"కాపలావాళ్ళు చూడలేదూ?" అన్నాడు వసాపె.

"చూశారు తాతా, కళ్ళు నులుముకుని మరీ చూశారు! వాళ్ళకేం కనబడింది? నడిచిపోతున్న గడ్డిదుబ్బు. నేను లోపలున్నానుగా! ఒకడైతే బాణం పడేసి పరుగు. ముప్ఫై కాస్తా నూరు, నూరు కాస్తా మూడొందలయ్యాయి, వాటి వెనక జింకలు, జింకల వెనక దున్నలు. గడ్డిలో పిట్టలు గూళ్ళు కట్టుకున్నాయి. దారిపొడుగునా కిందికి దిగకుండా గుడ్లు తిన్నాను. ఇంతలో ఏరు పొంగింది. నా దున్నవెంట్రుకల తాడు అవతలి ఒడ్డుకు విసిరితే, మూడొందల గుర్రాలూ పళ్ళతో పట్టుకుని వరసగా దాటాయి!"

నవ్వీ నవ్వీ వసాపెకి దగ్గొచ్చింది. ఇసానాకి మాత్రం నవ్వలేదు. వాడి కళ్ళు మెరుస్తున్నాయి.

"మరి ఆ మూడొందలూ ఏవి బావా?"

"ఎర్రమట్టి లోయలో దాచాను. ఒక్కణ్ణీ ఇంతదూరం ఎలా తోలుకొస్తాను? రేపు మీ నలుగురూ నా వెంట రండి. మనిషికి యాభై."

నలుగురూ ఒక్కసారే లేచారు. ఒకడు అప్పుడే ఎండుమాంసం కట్టించుకొస్తానన్నాడు. ఇసానాకి పోయి తన గుర్రం దవడకి తాడు కట్టడం మొదలుపెట్టాడు.

హూట్సు చేతిలో అల్లిక ఆగింది.

"మరిదీ, ఆ లోయ పడమటి కొండలవాళ్ళ గుడారాలకి ఎంత దగ్గరో నాకు తెలుసు. నా మగడు కూడా ఎవరో చెప్పిన మాట నమ్మే అటు పోయాడు, తిరిగి రాలేదు. పైన సూర్యుడు చూస్తున్నాడు. కింద నేలతల్లి వింటోంది. గుర్రాలు లోయలో ఉన్నాయని వాళ్ళ మీద ఒట్టేసి చెప్పు. మా తమ్ముణ్ణి నేనే సాగనంపుతాను."

ఎకమూర నోరు తెరిచాడు. పైకి చూశాడు. కిందికి చూశాడు.

"మూడొందలు కాకపోవచ్చు," అన్నాడు.

"ఎన్ని?"

"చూడలేదు వదినా."

"లోయ?"

"అదీ చూడలేదు. రెండో రోజే గుర్రం నన్ను పడేసి ఇంటికొచ్చేసింది. నేను నడిచొచ్చాను."

"ఒరే, పిల్లల్ని చంపేద్దువు కదరా!" అన్నాడు వసాపె.

"వస్తారనుకోలేదు తాతా," అన్నాడు ఎకమూర నెమ్మదిగా. "ఎప్పుడూ నవ్వేవాళ్ళేగా."

ఇసానాకి తన గుర్రం దవడ నుంచి తాడు విప్పి, దాన్ని మేతకి వదిలేసి, అక్క పక్కన వచ్చి కూర్చున్నాడు.