తాకని బంతి

చేసిన తప్పునే గాక, చేయకుండా తప్పించుకొన్న పనిని సైతం విస్మరింపక లిఖించే చిత్రగుప్తునికి నమస్కరించి ఈ సంభాషణ ఆరంభిస్తున్నాను.

ఒహాయోలో ఒక చిన్న ఊరి బేస్‌బాల్ జట్టు. మధ్యాహ్నపు ఆటకు కొంచెం ముందు, బట్టలు మార్చుకొనే గదిలో ఇద్దరు: బంతి విసిరే పిచర్ లైల్ హోస్టెట్లర్, ముసలి మేనేజర్ మెర్ల్. వచ్చే ఏడు తనను జట్టులో ఉంచుతారా, సాగనంపుతారా అన్నదే లైల్ గుండెల్లోని దడ.

"...అది కాదు గురూ, నా విసురులో వేగం తగ్గిందనే కదా మీ బాధ? ఒప్పుకుంటా. మరి నా ఫీల్డింగ్ మాటేంటి?"

"నీకు ఫీల్డింగ్ కూడా ఉందా లైల్?"

"ఎగతాళి వద్దు. నాకు నలభై దగ్గర పడుతున్నాయి. ఈ ఆట తప్ప ఇంకో పని రాదు. ఇన్నేళ్లలో బంతి పట్టడంలో ఒక్క తప్పు చేశానా? నా సగటు వెయ్యికి వెయ్యి! లీగ్‌లో పిచర్ల సగటు ఎంతో తెలుసా? తొమ్మిది వందల యాభై."

"తెలుసు. ఇంకో సగటు కూడా తెలుసు. చెప్పనా?"

"ఏది?"

"లీగ్‌లో మామూలు పిచర్ ఆటకి ఒకటో రెండో బంతులైనా వంగి తీస్తాడు. నువ్వు నెలకోటి."

"నా వైపు రావు మరి. నేనేం చెయ్యను?"

"రావా! మొన్న బ్యాటర్ ఊరికే అలా బ్యాట్ అడ్డం పెట్టాడు. బంతి దొర్లుకుంటూ వచ్చి నీ కాళ్ల దగ్గర ఆగింది. కుక్కపిల్లలా నీ మొహంలోకి చూసింది."

"మొన్నా? మొన్న నా బూటు లేసు ఊడింది."

"అంతకుముందు?"

"కంట్లో దుమ్ము."

"డేటన్ ఊళ్లో ఆడినప్పుడు?"

"ఎండ."

"రాత్రి ఆటయ్యా అది!"

"దీపాలు గురూ, దీపాలు. ఎండకంటే ఘోరం. అయినా ఆట లెక్కలు రాసే స్కోరర్ ఏం రాశాడు? తప్పని రాశాడా? రాయలేదు."

"నువ్వు తాకని బంతికి నీ తప్పని ఎలా రాస్తాడు? బ్యాటర్ బాగా కొట్టాడని రాస్తాడు. లేదా మూడో బేస్ దగ్గర కాపు కాసే ఆ టఫోయా పరిగెత్తుకొస్తాడు. నీ బంతి ఎత్తుకుని, పడుతూ లేస్తూ విసురుతాడు. అదెక్కడికో పోతుంది. తప్పు వాడి పేరున పడుతుంది."

"వాడిది తొందరపాటు. నేను రమ్మన్నానా?"

"ప్రతిసారీ 'నీదే, నీదే' అని అరిచేదెవరు?"

"అది... ఉత్సాహపరచడం. చూడండి, నా సగటు లీగ్‌కి పైన, వాడిది అందరికంటే అడుగున. అంకెలు అబద్ధమాడతాయా?"

"ఆడవు. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్తాయి."

"మీకు వేదాంతం ఎక్కువ. అందుకే తిన్నగా మన జట్టు ఓనరమ్మకే పంపించా."

"ఏం పంపించావ్?"

"నా సగటు, లీగ్ సగటు పక్కపక్కన పెట్టి, రంగుల్లో. కింద టఫోయాది కూడా. ఊరికే, తేడా తెలియడానికి."

"టఫోయాది కూడానా!"

"ఆవిడకి ఆట తెలీదు కదా గురూ. అంకెలైతే అర్థమవుతాయని."

"అయ్యాయి. బాగా అర్థమయ్యాయి. పొద్దున్నే నన్ను పిలిచింది."

"నా గురించేనా? చెప్పరేం! ఆ పొద్దుతిరుగుడు గింజలు నమలడం ఆపి చెప్పండి."

"టఫోయాని తీసేసింది. వాడు పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు."

"అయ్యో... మంచివాడే. మరి నా సంగతి?"

"నిన్ను ఉంచింది. వచ్చే ఏడు కూడా."

"అబ్బ! చెప్పలా! మీరే ఇన్నాళ్లూ... రండి గురూ, ఒక్కసారి కౌగిలించుకోనివ్వండి."

"ఆగాగు. ఇంత చక్కటి చేతుల్ని విసరడానికి వాడటం వృథా అంది."

"అంటే?"

"మూడో బేస్ ఖాళీగా ఉంది కదా."

"...గురూ."

"ఇవాళ్టి నుంచే."

"గురూ, అక్కడికి బంతులు నిప్పుకణికల్లా వస్తాయి!"

"లేసు గట్టిగా కట్టుకో."

"సరే... సరేలెండి. ఆ నెమ్మదిగా దొర్లే బంతులైనా పిచరే తీస్తాడుగా? ఇవాళ విసిరేదెవరు?"

"కొత్తగా వచ్చాడు, డెల్‌బర్ట్ అని. నీ కాగితం ముందు పెట్టుకుని ఓనరమ్మే ఏరి తెచ్చింది. అతనిదీ వెయ్యికి వెయ్యేనట."

ఈ కథ విన్నవారందరి చేతుల్లోను వచ్చిన బంతి నిలుచుగాక. జారినను, దానికై పరుగెత్తిన పుణ్యమును చిత్రగుప్తుడు వారి పేరనే వ్రాయుగాక.