రెండు మాటల ఊపిరి

పని ముగిసి, అందరూ వెళ్లిపోయిన రాతికోత షెడ్డు. నిలువుగా పేర్చిన గ్రానైట్ పలకల స్టాండు ఒరిగి, దాని కింద ఒక బావా, అతని బావమరిదీ చిక్కుకుపోయారు. బావ చేతులు రెండూ మోచేతుల దాకా పలకల మధ్య ఉన్నాయి. బావమరిది తల తప్ప మరేమీ అతనికి కనబడటం లేదు. పిలిస్తే పలికే బావ ఫోను ఎదురుగా కిటికీ గట్టు మీద, ఎవరికీ అందని దూరంలో ఉంది.

“హలో నేస్తం! హలో నేస్తం! పలకదేంట్రా ఇది?”

“అరవకు... బావా.”

“అరవకపోతే ఎలా వినపడుతుంది? హలో నేస్తం! చార్జింగు అయిపోయుంటుంది.”

“ఉంది. ఇందాకేగా... పాటలు పెట్టాను.”

“మరి తెర నల్లగా ఉందే?”

“నిద్రపోయింది. చెవి ఒక్కటే... మేలుకుని ఉంటుంది.”

“ఏ చెవి?”

“చెప్పాను కదా అప్పుడే. వాచ్‌మన్ లాంటిది. లోపల చిన్న ముక్క. గుక్కెడు కరెంటుతో... రోజంతా కాపలా కాస్తుంది. పిలుపు వినపడితేనే... మిగతావాళ్లను లేపుతుంది. అందర్నీ మేలుకోబెడితే... మధ్యాహ్నానికే చార్జింగు హరీ.”

“కాపలా కాస్తూ కునుకు తీస్తున్నట్టుంది నీ వాచ్‌మన్. హలో నేస్తం! ఓ నేస్తం! నీ పిలుపు తగలెయ్య!”

“మా అక్క పిలిస్తే నువ్వు పలుకుతావా? దానికీ... నీ పోలికే.”

“హాస్యాలాడుతున్నావంటే నీకేం కాలేదన్నమాట. ఏదీ, కాలు కదుపు.”

“కాలు బాగానే ఉంది.”

“కదుపు మరి.”

“చలిగా ఉంది కదూ?”

“నేనడిగేదేమిటి, నువ్వు చెప్పేదేమిటి? పలక ఎక్కడుంది నీ మీద? నడుం మీదా?”

“కొంచెం పైన.”

“ఎంత పైన?”

“నీ చేతులు... ఎలా ఉన్నాయి?”

“నా చేతుల సంగతి వదిలెయ్. రొమ్ము మీదా? ఒరేయ్, రొమ్ము మీదా?”

“మాట్లాడితే... ఆయాసం.”

“అయితే మాట్లాడకు. వద్దొద్దు, మాట్లాడు. కళ్లు మాత్రం మూయకు. ఎవరండీ బయట! ఎవరైనా ఉన్నారా!”

“రేపు సెలవు. గేటు కూడా... వేసేశారు.”

“మీ అక్క వెతుక్కుంటూ రాదూ?”

“ఆలస్యమవుతుందని... నువ్వేగా చెప్పావు.”

“చెప్పాను. చెప్పాను, నిజమే. సరే, కంగారుపడి లాభం లేదు, ఒక్కొక్కటీ చూద్దాం. చార్జింగు ఉంది. చెవి మేలుకుని ఉంది. దూరం ఎంతని, నాలుగు బారలు లేదు. పిలిచే మాట సరైనదే. ఇంకేం మిగిలింది? గొంతు. బొంగురుపోయిందనుకో, అయినా నా గొంతేగా!”

“బావా.”

“ఊఁ.”

“ఆ రోజు... నువ్వు మిషన్ మీద ఉన్నావు.”

“ఏ రోజు?”

“ఫోను కొన్న రోజు. నీ చేతులు తడి. సెట్టింగులన్నీ నువ్వే చూడరా అన్నావు.”

“అయితే?”

“గొంతు గుర్తుపెట్టుకోవాలి, పిలవండి... అని అడిగింది. రా బావా అన్నాను. నువ్వే కానియ్యరా... అన్నావు.”

“కానిచ్చావా?”

“కానిచ్చాను.”

“నా ఫోనులో నీ గొంతా!”

“నువ్వెప్పుడు పిలిచావు దాన్ని? రాయితో మాట్లాడినట్టుంటుంది అనేవాడివి. పాటలకి పిలిచేది... నేనేగా.”

“ఇంతసేపూ నన్ను గొంతు చించుకోనిచ్చి, ఇప్పుడా చెప్పడం?”

“రెండుసార్లు పిలిచాను. నీ అరుపుల్లో... కలిసిపోయింది.”

“ఆఁ? పిలిచావా? సరే. సరే, నేను నోరు మూసుకుంటాను. పిలువు.”

“గాలి చాలదు బావా. రెండు మాటలంటే... ఏదోలా. ఎవరికి చెయ్యాలి, మనం ఎక్కడున్నాం, అదంతా...”

“అదంతా కూడా నీ గొంతుతోనే చెప్పాలా?”

“వద్దు. ఆ పట్టింపు గుమ్మం దాకే. లేచాక... ఎవరు చెప్పినా వింటుంది.”

“చాలు. ఆ రెండు మాటలు చాలు. గాలి కూడబెట్టుకో. నేను ఊపిరి కూడా బిగబడతాను. ఊఁ.”

“హలో... నేస్తం.”

“చెప్పండి, వింటున్నాను.”

“లేచింది! ఒరేయ్, లేచిందిరా! బతికిపోయాం! విన్నావా, నీ గొంతు వినగానే...”

“క్షమించండి. మీరు చెప్పింది అర్థం కాలేదు.”

“అర్థం కాకపోవడమేంటి! నీకు కాదు, వాడికి చెబుతున్నాను! ఆగు, ఆగాగు, ఫైర్ వాళ్లకి... వెలుగు పోయిందేంట్రా? ఒరేయ్!”

“పడుకుంది. చార్జింగు... మిగల్చాలిగా.”

“నా నోట మన్ను పడ. నా నోట మన్ను... ఒరేయ్ నాన్నా, ఇంకొక్కసారి. ఒకే ఒక్కసారి.”

“నువ్వు... సంతోషపడకు.”

“పడను. ఒట్టు. ఈ జన్మకి పడను.”

“బావా... అక్కకి...”

“అక్కకి నువ్వే చెప్పుకుందువు గాని! ఆ గాలి ఇక్కడ ఖర్చు పెట్టకు. దాచుకో. ఒరేయ్? వింటున్నావా? సరే, తొందర లేదు. నిదానంగా తీసుకో. నేను మాట్లాడను. ఇదిగో, మాట్లాడటం లేదు.”

“హలో... నే... స్తం.”

“చెప్పండి, వింటున్నాను.”

“అత్యవసర సహాయానికి కాల్ చెయ్యి.”

“కాల్ చేస్తున్నాను.”

“నమస్కారం, అత్యవసర సహాయ కేంద్రం. ఏం జరిగిందండీ?”

“రాతికోత షెడ్డమ్మా, పాత గోదాముల వెనక, నీలం గేటు. పలకలు మీద పడ్డాయి. ఇద్దరం ఉన్నాం. క్రేన్ కావాలి. గేటు తాళం పగలగొట్టి రండి, మా కోసం ఆగకండి.”

“బండి బయలుదేరిందండీ. ఫోను కట్ చేయకండి. మీతో ఉన్నాయన స్పృహలోనే ఉన్నారా?”

“ఉన్నాడమ్మా. ఒరేయ్, బండి వస్తోందిట. ఇప్పుడు సంతోషపడొచ్చా?”

“ఆయన పలుకుతున్నారా అండీ?”

“ఒరేయ్. బామ్మర్దీ. ఇటు చూడరా.”

“సర్, ఆయన పలుకుతున్నారా?”

“అదేం ప్రశ్నమ్మా? ఈ ఫోను వాడు పిలిస్తేనే లేస్తుంది. వాడు పలక్కపోతే, నేను మీతో ఎలా మాట్లాడుతున్నాను?”