సాయిలు మెల్లగ వాయించిన పాట

“సెరువు కింది మడిలోన సెల్లెలా,
సేతిలున్న నారు జారె సెల్లెలా…”

మూడో మాట ఏందో! నాలిక మీదనే ఉంటది, రాదు. నాట్లప్పుడు పాడేటోళ్లం బిడ్డా. సాయిలు తాత ముచ్చట చెప్పుమంటె గీ పాటెందుకవ్వా అంటవా? ఆయన ముచ్చట గిండ్లనే ఉన్నది, ఆగు.

సాయిలు నా తమ్ముడు. మాది గౌడవెల్లే గదా. బొల్లారంల మిలిటరీ బ్యాండుల చేసి రిటైరైన ముసలాయన దగ్గర ట్రాంబోన్ నేర్సిండు. గా పేరు పలుకుడు నాకు మొన్ననే వచ్చింది, రాసుడు ఇంక రాలే. ముందుకు ఎన్కకు గుంజే పొడుగు బాకా అన్నట్టు. సికింద్రాబాద్ల పెద్ద హోటల్ల జాజ్ అని వాయిస్తుండె, ఇంగ్లీషు పాటలు గూడ పాడుతుండె. తర్వాత కౌకూర్ల ఒక బడికి సంగీతం సారు అయిండు. జాజ్ అంటే ఏందిరా అంటే, “ఉన్న పాటనే అక్కా, ఆ పూట మనసెట్లుంటే అట్ల వాయించుడు” అన్నడు.

మీ అమ్మ పెండ్లిల గదే కొంప మీదికి తెచ్చింది.

మేనమామ గదా, ఎదురుకోళ్లకు నేనే వాయిస్త అన్నడు. షామీర్‌పేట నుంచి మీ నాయినోళ్లు డీసీఎం లారీల దిగిండ్రు. నేను హారతి పళ్లెం పట్టుకొని నిలబడ్డ. సాయిలు కండ్లు మూసుకొని అందుకున్నడు. మెల్లగ, మస్తు మెల్లగ. మేనకోడలు పోతాందని బెంగనో ఏమో. డప్పులోళ్లు గూడ ఆయనెంబడి దెబ్బ తగ్గించిండ్రు.

అంతే. మీ నాయినోళ్ల పెదబాపు, పెద్దనాయిన అన్నట్టు, చెయ్యి లేపిండు.

“ఆపుండ్రి! పెండ్లికొచ్చినమా, సావుకొచ్చినమా?”

మా దిక్కు మెల్లగ పడే దెబ్బ శవం ముంగట దెబ్బ గదా బిడ్డా. అందరి మొకాలు మాడినయి. “శకునం మంచిగ లేదు, ఎక్కుండ్రి బండి” అన్నడు. మీ తాత బతిలాడితే ఇనడు. మీ నాయిన బాసింగంతోని అటు సూస్తడు, ఇటు సూస్తడు. డ్రైవరు బండి చాలూ చేసిండు. లోపల్నుంచి మీ అమ్మ “ఏమైందే అమ్మా, డప్పు ఆగింది?” అని అడుగుతాంది. పళ్లెంల కర్పూరం అయిపోవస్తాంది.

సాయిలు ఎవ్వరితోని కొట్లాడలే. నా పక్కకొచ్చి, “గుర్తువట్టలేదా అక్కా? నీ పాటనే. అందుకో” అన్నడు.

రెండు మాటలు ఎట్లనో అన్న. మూడోది రాలే. మళ్ల సాయిలే అందుకొని పాడిండు, గా పరేషాన్ల ఏం పాడిండో నా చెవులకు ఎక్కలే. గని డీసీఎంలకెల్లి ఇంకో గొంతు కలిసింది. ఎవరనుకున్నవ్? మీ నాయినోళ్ల ముసలవ్వ, అదే, ఆ పెదబాపు తల్లి!

“దించుండ్రిరా నన్ను! గిది నాటు పాటరా! నీ నోరు పడిపోను, సావు పాటంటవా? నిన్ను గట్టు మీద పండబెట్టి, గీ పాట పాడుకుంటనే నాటేసిన!”

ఆమె సప్పట్లు మొదలువెట్టింది. సాయిలు గదే పాట జల్దీ జల్దీ ఎత్తుకున్నడు, డప్పులు దుంకినయి. పెదబాపే వచ్చి నా ముంగట హారతికి నిలబడ్డడు. గట్లయింది మీ అమ్మ పెండ్లి.

పోయినేడు సాయిలు దవాఖానల ఉన్నప్పుడు నేను పక్కపొంటి కూసున్న. ఆయనకు మాట గూడ సక్కగ లేస్తలేదు. గా మూడో మాట ఏందిరా తమ్మీ అని అడుగుదామని వంగిన. నేను నోరు తెరవకముందే నవ్విండు.

“అక్కా, నా ముంగట మాత్రం డప్పు జల్దీ వాయించమను. పెండ్లికొచ్చినమా అని అడగాలె జనం.”